ఉద్దానపు డీటీపీ కేంద్రములలో పాత విండోస్

సీసపు అచ్చులు మూలబడిన పిమ్మట, శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునను దాని చేరువనను, పలాస జీడిపప్పు డబ్బాకు అంటించు చీటీ మొదలు టెక్కలి శుభలేఖ వరకును, సోంపేట, మందస పల్లెల జాతర కరపత్రము వరకును, అక్షరకూర్పంతయు డీటీపీ కేంద్రముల పాలయ్యెను. తెలుగునాట అంతట వలెనే ఇచ్చటను పుటలు కూర్చు పేజ్‌మేకరును, తెలుగు ఫాంటులను, కీబోర్డును అందించు ‘అను’ స్క్రిప్ట్ మేనేజరును స్థిరపడినవి. 2001వ సంవత్సరమున వెలువడిన పేజ్‌మేకర్ 7.0 ఆ వరుసలో కడపటిది. విండోస్ ఎక్స్‌పీయు ఆ యేడే వచ్చినది.

ఈ సరంజామాను విడుచుట కష్టమగుటకు హేతువు అక్షరముల కూర్పులోనే కలదు. ‘స్త్రీ’ యని కూర్చినపుడు గుడిదీర్ఘముతోడి సకారము, తవొత్తు, రవొత్తు వేర్వేరు ముక్కలై, ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలో నిలుచును. ఆ ‘అను’ ఫాంటు లేని కంప్యూటరున అదే ఫైలును తెరచినచో, వధూవరుల నామధేయములు అర్థరహితమైన ఆంగ్లలిపిగా కానవచ్చును. కావున ఏండ్ల తరబడి దాచిన ఫైళ్లను, చేతికి అలవడిన కీబోర్డును, ప్రింటరు డ్రైవరును కాపాడుకొనదలచినవాడు పాత విండోసునే అంటిపెట్టుకొనుట వృత్తిధర్మమనియే నేను తలంతును.

అయినను కాలము ఆగలేదు. ఆఫీస్ 2007తో డాక్‌ఎక్స్ ఫైళ్లు వచ్చిపడగా, ఆఫీస్ 2003 వంటి పాత కూర్పులును వానిని తెరచుటకు మైక్రోసాఫ్టే ఒక అనుబంధ ప్యాకును ఉచితముగా నిచ్చెను. 2012లో వచ్చిన, ప్రోగ్రాములను సిద్ధపరచు విజువల్ స్టూడియో కూర్పుతో మరియొక చిక్కు పుట్టినది: అది సిద్ధపరచిన ప్రోగ్రాము నొసట 6.0 అను కనీస విండోస్ సంఖ్య యుండగా, ఎక్స్‌పీ సంఖ్య 5.1 మాత్రమే యగుటచే, లోపలి పని యెంత స్వల్పమైనను ఎక్స్‌పీ దానిని గడపలోనే త్రోసిపుచ్చెను. ఆ యేడే వచ్చిన సవరణ ఎక్స్‌పీకి తగిన కూర్పుసాధనమును చేర్చినది. సంఖ్య కుదిరినను, ప్రోగ్రాము కోరిన ఫంక్షను పాత విండోసులోని డీఎల్‌ఎల్ ఫైలులో లేకున్న పని సాగదు; ఎక్స్‌పీ తరువాతి విస్టాతో వచ్చిన గెట్‌టిక్‌కౌంట్64 అట్టిది. అది యున్నదో లేదో నడచునపుడే విచారించి, లేనిచో పాత గెట్‌టిక్‌కౌంటుతో పని జరుపుట నేర్పరుల పద్ధతి. 2018లో వెలువడిన వీడియో ప్లేయరు వీఎల్‌సీ 3.0 ఎక్స్‌పీపైనను నడచినదన్న, దాని కర్తల ఓర్పు కొనియాడదగినది.

ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచినవి గనుక ఆ యంత్రములను ఇంటర్నెట్టుకు దూరముగా నుంచవలెను. హైదరాబాదున, బెంగుళూరున ప్రోగ్రాములు వ్రాయు శ్రీకాకుళపు యువకులారా, మీ ప్యాకేజీని వెలువరించుటకు ముందు ఒక్కమారు పాత విండోసుపై నడిపి చూడుడు.