పిల్లల బరువు తూచిన వాళ్ల యాభై ఏళ్లు

1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. అప్పటి కేంద్రాలు 4,891. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అంగన్‌వాడీలు తొంభై వేలు దాటాయి. స్వర్ణోత్సవ సభల్లో పథకం గురించి చాలా చెబుతారు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య బోధ అంటూ ఆరు సేవలూ వరసపెట్టి చదువుతారు. ఆ ఆరింటినీ భుజాన మోసిన టీచర్లు, ఆయాలు తమను కార్మికులుగా గుర్తించమని ఎంతకాలం, ఎలా అడుగుతూ వచ్చారో ఈ సంచికలో రాసి ఉంచడం అవసరమని నాకనిపించింది.

మొదట్లో ప్రభుత్వం వాళ్లను ఉద్యోగులుగా అనుకోనే లేదు. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన ఆడమనిషి కాస్త తీరిక చేసుకుని సేవ చేస్తుందనీ, అందుకు గౌరవ వేతనం ఇస్తే చాలనీ లెక్క వేసింది. మెట్రిక్ పాసైతే నెలకు 150 రూపాయలు, కాకపోతే 100. ఆ పనికి వచ్చినవాళ్లు ఎవరు? మొగుడు వదిలేసినవాళ్లు, చిన్నవయసులో భర్త పోయినవాళ్లు, పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన కోడళ్లు చాలామంది. వాళ్లకది తీరిక వేళ వ్యాపకం కాదు, ఇల్లు గడిచే దారి. ప్రభుత్వం వేసిన లెక్కకూ వాళ్ల బతుకుకూ మధ్య ఉన్న ఈ తేడా నుంచే తర్వాతి కథంతా పుట్టింది.

పని ఎలాంటిదో చూసినవాళ్లకు తెలుసు. దూలానికి సాల్టర్ త్రాసు తగిలించి, గుడ్డ లాగు తొడిగి పిల్లను వేలాడదీస్తారు. పిల్ల కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తుంది, ముల్లు ఊగుతూనే ఉంటుంది. అది నిలిచే క్షణం కోసం టీచరు కళ్లు ఆర్పకుండా చూస్తుంది. ఆ అంకెను గ్రోత్ చార్టులో చుక్కగా పెట్టి, కిందటి నెల చుక్కతో కలుపుతుంది. ఆకుపచ్చలో ఉంటే ఊపిరి పీల్చుకుంటుంది. పసుపులోకి జారితే సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, అత్తగారు వింటుండగానే కోడలికి ఏం పెట్టాలో చెబుతుంది. నారింజలో పడితే ఏఎన్ఎంను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పంపిస్తుంది. కొలత, పోలిక, మాటతో ఒప్పించడం, మళ్లీ వచ్చే నెల చూడటం: ఇది నేర్పుతో చేసే వృత్తి. తల్లి ప్రేమ అని పొగిడి ఊరుకుంటే ఆ నేర్పును తక్కువ చేసినట్టే.

ఇక ఆయా సంగతి. పొద్దున్నే వచ్చి ఊడ్చి, నీళ్లు పట్టి, ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని చంకనెత్తుకుని తెస్తుంది. వండుతుంది, గుడ్లు ఉడకబెడుతుంది, తినిపిస్తుంది, ముడ్డి కడుగుతుంది. జీతం దగ్గరికొస్తే ఎప్పుడూ టీచరు కన్నా చాలా కిందే. సంఘాల పేర్లలో వర్కర్స్‌తో పాటు హెల్పర్స్ అని కూడా ఉండటం నాకు చాలా ఇష్టమైన విషయం. ఇద్దరినీ ఒకే జెండా కింద నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న పనేమీ కాదు.

1989లో అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్ల అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. మన దగ్గర సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు ప్రాజెక్టుల వారీగా పెరిగాయి. ఒక్కో ఊళ్లో ఇద్దరే ఉండే పని ఇది. ఫ్యాక్టరీ గేటు లేదు, షిఫ్టు లేదు, పది మంది ఒకచోట కలిసే వీలు లేదు. ప్రాజెక్టు మీటింగ్‌కు మండల కేంద్రానికి వచ్చిన రోజే మాట్లాడుకోవడానికి దొరికే సమయం. బస్సు కోసం చూసే ఆ గంటలోనే అద్దె బకాయిలు, కూరగాయల బిల్లులు, చేతినుంచి పెట్టిన గ్యాస్ డబ్బుల గోడు బయటికొచ్చేది. పల్స్ పోలియో, ఓటర్ల జాబితా, కరోనా ఇంటింటి సర్వే... ప్రభుత్వానికి ఊళ్లో మనిషి కావలసినప్పుడల్లా వీళ్లే. హక్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వచ్ఛంద సేవకులు.

కోర్టుల్లోనూ దారి ఎగుడుదిగుడుగానే సాగింది. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు వీళ్లవి సివిల్ పోస్టులు కావని తేల్చింది. అది గట్టి దెబ్బ. అయితే 2013 మేలో 45వ భారత కార్మిక సదస్సు స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని సిఫారసు చేసింది. అదే ఏడాది ఆహార భద్రత చట్టం వచ్చి, గర్భిణులకూ బాలింతలకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా ఆహారం అందించడాన్ని చట్టపరమైన బాధ్యతగా మార్చింది. ఈ చట్టమే తర్వాత పనికొచ్చింది. గుజరాత్‌లోని దాహోద్ జిల్లా నుంచి వచ్చిన కేసులో 2022 ఏప్రిల్ 25న జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. గౌరవ వేతనం పేరుతో ఇచ్చేదీ ఆ చట్టం ప్రకారం వేతనమేనంది. చట్టం అప్పగించిన పని చేస్తున్నవాళ్లను తీరిక వేళ సేవకులుగా చూడటానికి ఇక వీల్లేకపోయింది.

2023 సెప్టెంబర్‌లో తెలంగాణలో, డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెలు జరిగాయి. ఆంధ్ర సమ్మె 42 రోజులు సాగింది. మూడు సంఘాలు కలిసి నడిపాయి. మూసిన కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో నడిపించాలని చూశారు. జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. పండగ కూడా శిబిరాల్లోనే గడిచింది. ఎస్మా అత్యవసర సేవలకు పెట్టే చట్టం. అంత అత్యవసరమని ఒప్పుకున్న ప్రభుత్వం ఆ రోజు టీచరుకిస్తున్నది 11,500, ఆయాకిస్తున్నది 7,000. ఆ సమ్మెలో నిలబడ్డవాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. తీసేస్తామని నోటీసులొచ్చినా వాళ్లలో చాలామంది కదల్లేదు.

ఆ మొత్తాల్లో కేంద్రం వాటా ఎంతో చూడండి. 2018 అక్టోబర్‌లో టీచరుకు 4,500, ఆయాకు 2,250గా నిర్ణయించారు. స్వర్ణోత్సవం వచ్చినా అది అక్కడే ఉంది. ఈ సంచిక చదివే పార్లమెంటు సభ్యులు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

సంఘాలకు నాదొక మనవి. గ్రాట్యుటీ లెక్క చాలామంది రిటైరైన టీచర్లకు తెలియదు. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన ఏళ్లతో మళ్లీ హెచ్చించాలి. 11,500 మీద ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన టీచరుకు ఆ లెక్కన వచ్చేది దాదాపు 1 లక్షా 99 వేలు. నియామక పత్రం, చేరిన తేదీ, చివరి వేతనం తెలిపే కాగితం దగ్గర ఉంచుకోమని వాళ్లకు చెప్పాలి. చాలామంది దగ్గర అవి లేవు. ఉన్నా, ఎప్పటివో నియామక పత్రాలు చెదపట్టిపోయాయి. ప్రతి ప్రాజెక్టు ఆఫీసులో పాత హాజరు రిజిస్టర్లు వెతికి, పేరు పేరునా నకళ్లు తీయించే పనిని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. రిటైరైనవాళ్లలో పెద్దవాళ్ల పేర్లతో మొదలుపెడితే మంచిది.