రియాసత్ రఖ్బా: ఒక హిసాబు

మన ఇళ్లలో బుజుర్గులు ఫఖ్ర్‌గా చెప్పే మాట ఒకటుంది: "నిజాం రియాసత్ అంటే ఏమనుకున్నార్రా, ఇంగ్లండు, స్కాట్లండు కలిపినంత!" మాట సహీ. హైదరాబాద్ రియాసత్ రఖ్బా 82,698 చదరపు మైళ్లు. ఇంగ్లండు 50 వేల పైచిలుకు, స్కాట్లండు 30 వేల పైచిలుకు. కూడితే మనదే కాస్త ఎక్కువ.

అయితే ఆ హిసాబును అక్కడే ఆపడం నాకిష్టం లేదు. ఈ జమీన్‌లో సుమారు పదో వంతు సర్ఫెఖాస్, అంటే నిజాం గారి జాతీ జాయిదాద్. పదో వంతే కదా అనుకునేరు, అది దాదాపు వేల్స్ అంత! ఇంకో ముప్ఫై శాతం దాకా జాగీర్‌దార్లది. అక్కడ లగాన్ వసూలు వాళ్లదే, పెద్ద జాగీర్లలోనైతే అదాలత్, పోలీసు కూడా వాళ్లవే. సర్కారు నేరుగా నడిపిన దీవానీ ఇలాఖా మిగతా అరవై శాతమే. ఇంత పెద్ద నక్షాలో కౌలు రైతు పేరున, హిందువైనా ముసల్మానైనా, గుంట భూమి ఉండేది కాదు. సర్ఫెఖాస్, జాగీర్లు 1949లో గానీ రద్దు కాలేదు. బుజుర్గుల ఫఖ్ర్‌లో ఈ సంగతి రాదు.

1956లో రియాసత్ మూడు ముక్కలైంది. మరాఠ్వాడా బొంబాయికి, బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరుకి, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌కి. ఇప్పటి తెలంగాణ 1,12,077 చదరపు కిలోమీటర్లు, పాత రియాసత్‌లో సగానికి కాస్త ఎక్కువ. మూడుచోట్లా జిల్లా అనే మన మాట మాత్రం నిలిచింది. బీదర్‌లోని మా దాదీ మైకా, అంగుళం కదలకుండానే వేరే రాష్ట్రమైపోయింది.