మెదక్ వాడల్లో మారిన మనసు

మెదక్ పట్టణం చుట్టూ ఉన్న మాల, మాదిగ వాడల్లో 1890ల నుంచి 1930ల దాకా వచ్చిన మార్పును సాధారణంగా మతమార్పిడి చరిత్రగా చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. తాతల కాలం నుంచి బతుకు ఇంతే, ఇక ముందూ ఇంతే అనుకున్న మనుషులు అలా అనుకోవడం మానేసిన చరిత్ర కూడా అదే. పట్టణంలోని పెద్ద చర్చి ఆ మార్పుకు కంటికి కనిపించే గుర్తు. అసలు మార్పు చర్చికి పునాది పడకముందే వాడల్లో మొదలైంది, చర్చి పూర్తయిన తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది.

నిజాం రాజ్యంలో పల్లె బతుకు పటేల్, పట్వారీ, దొర చుట్టూ తిరిగేది. చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు పంచడం, ఊరికి కావలి కాయడం, అధికారులు వస్తే మూటలు మోయడం మాలల పని. చచ్చిన పశువును తీయడం, తోలు ఊనడం, మోటకూ కాళ్లకూ తోలు సామాను కుట్టడం, జాతరకూ చావుకూ డప్పు కొట్టడం మాదిగల పని. ఇందులో చాలా పనికి కూలి లేదు. కల్లంలో పెట్టే నాలుగు గింజలే ప్రతిఫలం. దాన్నే వెట్టి అన్నారు. ఊరి బావి వాళ్లకు లేదు, గుడి లేదు, బడి లేదు. వెట్టి వల్ల జరిగిన నష్టాన్ని గింజల్లో కొలిచి ఊరుకుంటే సరిపోదు. తన కొడుకు తనకన్నా భిన్నంగా బతుకుతాడన్న ఊహ కూడా తండ్రికి రానివ్వకపోవడమే దాని అతి పెద్ద నష్టం. పూర్వజన్మ కర్మ అన్న మాట ఆ ఊహకు అడ్డుగోడగా నిలిచింది.

ఈ ప్రాంతానికి వెస్లియన్ మెథడిస్టు మిషన్ వచ్చింది విలియం బర్జెస్ కాలంలో. 1880 ప్రాంతంలో ఆయన సికింద్రాబాద్ కేంద్రంగా పని మొదలుపెట్టాడు. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో తిరుమలగిరి కంటోన్మెంటులో సైనికుల పాదిరిగా వచ్చాడు. తెల్ల సిపాయిల మధ్య పనితో ఆయనకు తృప్తి కలగలేదు. ఏడాది రెండేళ్లలోనే గుర్రం మీద మెదక్ చేరి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన సోదరి ఎమిలీ కూడా వచ్చి స్త్రీల మధ్య పనిచేసింది. క్రమంగా మిషన్ కాంపౌండులో దవాఖానా, బడులు, ఉపదేశకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల ఏర్పడ్డాయి. తర్వాతి చరిత్రను నడిపింది ఎక్కువగా ఆ పాఠశాలే. అక్కడ చదివినవాళ్లు ఇదే సీమలోని వాడల నుంచి వచ్చినవాళ్లు, భార్యలతో సహా వచ్చి చదువుకున్నవాళ్లు. దొర భాషలో కాక వాడ భాషలోనే మాట్లాడగలిగినవాళ్లు.

ఇప్పటి పుస్తకాలు మనసు మార్చుకోవడాన్ని ఒంటరి మనిషి చేసే పనిగా చెబుతాయి. మెదక్ పల్లెల్లో అలా జరగలేదు, జరిగే వీలూ లేదు. ఒక్కడు మారితే అతనికి పిల్లనిచ్చేవాడుండడు, శవాన్ని మోసేవాడుండడు, దొర గడీ నుంచి కబురొస్తే పక్కన నిలబడేవాడుండడు. అందుకే నిర్ణయం కులపెద్దల దగ్గర, వాడ నడుమ చెట్టు కింద జరిగేది. నెలల తరబడి చర్చ నడిచేది. పొరుగూరి చుట్టాలు ఏమంటున్నారో విచారించేవారు. ఆ తర్వాత పది ఇళ్లో, ఇరవై ఇళ్లో కలిసి బాప్తిస్మానికి పేర్లు ఇచ్చేవి. వార్త పెళ్లిసంబంధాల దారిలోనే మరో ఊరికి పాకేది. డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వేదనాయగం అజరయ్య సీమలోనూ ఇదే పద్ధతి. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్.

ఇలా గుంపులుగా వచ్చినవారి ఉద్దేశాలను శంకించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కూటి కోసం మారారన్నది పాత ఆరోపణ. జె. వాస్కమ్ పికెట్ అనే అమెరికన్ మెథడిస్టు దేశంలోని అనేక ప్రాంతాల్లో దాదాపు 4,000 మందిని ప్రశ్నించి 1933లో ఒక అధ్యయనం ప్రచురించాడు. మొదట ఏ కారణంతో వచ్చారన్నదాని కంటే, వచ్చిన తర్వాత వారికి ఎంత బోధ, ఎంత ఆదరణ దొరికిందన్నదే వారి జీవితాన్ని ఎక్కువగా మలిచిందని అందులో తేలింది. పికెట్ స్వయంగా మిషనరీ కాబట్టి ఆయన లెక్కలను జాగ్రత్తగానే చదవాలి. అయినా మెదక్ అనుభవం ఈ మాటను బలపరుస్తుంది. మరో సంగతి కూడా చెప్పాలి. ఆకలితో ఉన్నవాడు అన్నం కోరడాన్నీ, అవమానం పడ్డవాడు గౌరవం కోరడాన్నీ తక్కువ రకం కోరికలుగా లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు.

బోధ జరిగింది రాత్రిళ్లు. పగలంతా వెట్టిలో, పొలాల్లో గడిచేది కనుక దీపం పెట్టాకే జనం కూడేవారు. ఉపదేశకుడు పాటలు నేర్పేవాడు, వాక్యాలు కంఠస్థం చేయించేవాడు, పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. చచ్చిన పశువు మాంసం మానాలి, కల్లు తగ్గించాలి, అమ్మవారి కొలుపుల్లో డప్పు కొట్టకూడదు, ఆదివారం పనికి పోకూడదు అన్నవి నియమాలు. వీటిలో మొదటి రెండింటికి దొరలు పెద్దగా అడ్డు చెప్పాల్సిన అవసరం లేదు. చివరి రెండూ మాత్రం ఊరి కట్టుబాటునే కదిలించాయి. వారానికి ఒక రోజు తనదని మాదిగ అనగలగడం, పిలిచినప్పుడు డప్పుతో రాననడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మతపరమైన నియమం రూపంలో వచ్చినది నిజానికి కాదనగలిగే హక్కు.

పేర్లు కూడా మారాయి. దావీదు, యోహాను, మరియమ్మ వంటి కొత్త పేర్లు వాడలోకి వచ్చాయి. వాడలో పుట్టినవాడే ఉపదేశకుడై, పాస్టరై అయ్యగారు అనిపించుకున్నాడు. స్త్రీల విషయంలో మార్పు ఇంకా లోతైనది. ఉపదేశకుడి భార్య కూడా చదువు చెప్పేది, బాలింతలను చూసేది. మిషన్ బడిలో చదివిన ఆడపిల్లలు కొందరు నర్సులయ్యారు, కొందరు టీచర్లయ్యారు. ఇదే మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి స్థాపించారు. ఊరు వెలివేసిన శరీరాన్ని చేత్తో తాకి మందు వేయడం కూడా ఈ కొత్త చదువులో భాగమైంది.

పెద్ద చర్చి నిర్మాణం 1914లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం, కరువు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అన్నీ ఆ పదేళ్లలోనే వచ్చిపడ్డాయి. గంజి పోసి పంపే బదులు పని ఇచ్చి కూలి ఇవ్వాలని పోస్నెట్ నిశ్చయించాడు. చుట్టుపక్కల పల్లెల జనం, ఏ మతంవారైనా, రాయి కొట్టారు, సున్నం కలిపారు, మట్టి మోశారు. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గంటల గోపురం, గోథిక్ పద్ధతి. లోపల దాదాపు 5,000 మంది కూర్చోవచ్చు. నేల మీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. మూడు పెద్ద కిటికీల్లోని రంగుటద్దాలు క్రీస్తు జననం, సిలువ, ఆరోహణ దృశ్యాలను చూపుతాయి. అవి చర్చి ప్రతిష్ఠ జరిగిన తర్వాత ఒక్కొక్కటిగా అమరాయి.

ఈ నిర్మాణాన్ని ఒక పాదిరి దాతృత్వంగా మాత్రమే చెప్పుకోవడం అన్యాయం. కరువులో ముష్టి తీసుకున్నవాడికి మిగిలేది ఆ పూట కడుపు నిండిన జ్ఞాపకం. కూలి తీసుకుని కట్టినవాడికి తన చేతుల్లోంచి లేచిన గోడ మిగిలింది. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని మనుషులు, తాము కట్టిన గుడిలో నడుమ వరుసలో కూర్చున్నారు. తృప్తి అన్నది వాళ్లకు అక్కడి నుంచి వచ్చింది. అందులో లోపాలూ ఉన్నాయి. మాల, మాదిగల మధ్య పాత దూరం చర్చి లోపలికి కూడా వచ్చింది. ఒకే పాత్రలో ప్రభు రాత్రి భోజనం తీసుకున్నవారు పెళ్లిసంబంధాల దగ్గర వేరుపడ్డారు. పెత్తనం కూడా చాలాకాలం తెల్ల దొరల చేతుల్లోనే ఉంది.

హైదరాబాద్ రాజ్యంలో మనసు మార్పుకు ఇదొక్కటే దారి కాదు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం స్థాపించి, దళితులు ఈ నేలకు మొదటి వారసులని చెప్పాడు. ఆయన అధ్యక్షతన 1917లో బెజవాడలో జరిగిన సభ పంచములన్న పేరును తిరస్కరించి ఆది ఆంధ్రులన్న పేరును స్వీకరించింది. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందువులన్న పేరును నమోదు చేసింది. మతం మారకుండానే మనిషి తనను తాను చూసుకునే చూపు మారవచ్చని ఈ ఉద్యమం నిరూపించింది. ఊరి వైపు చూస్తే, అప్పటి మెదక్ జిల్లాలోని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగింది. వాడ, ఊరు రెండూ దాదాపు ఒకే కాలంలో మేలుకున్నాయి.

మారిన మనసు ఎంతవరకు మారిందన్న ప్రశ్నకు మెదక్ సీమలోనే ఒక మంచి జవాబు దొరికింది. పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు పరిశోధకులు వాడియారం పాస్టరేటు పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1968లో వెలువడింది. క్రైస్తవ కుటుంబాల్లో పోచమ్మ, మైసమ్మల భయం పూర్తిగా పోలేదని, రోగం వచ్చినప్పుడు, పెళ్లిలో, చావులో పాత ఆచారాలూ కొత్త ప్రార్థనలూ పక్కపక్కనే నడిచాయని వారు గమనించారు. కొందరు మతాధికారులు దీన్ని బలహీనతగా చూశారు. అలా చూడనక్కరలేదు. మనిషి పాతదాన్ని ఒక్క రోజులో పారేసి కొత్తవాడు కాడు. పాత ఇంటి కర్రలతోనే కొత్త ఇల్లు వేసుకుంటాడు. వాడలో మార్పు మూడు తరాలు తీసుకుంది: తాత బాప్తిస్మం తీసుకున్నాడు, తండ్రి చదివాడు, మనుమడు ఉద్యోగానికి పోయాడు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ ఒక అధ్యక్ష మండలానికి కేంద్రమైంది. పెద్ద చర్చి కేథడ్రల్ అయింది. మూడేళ్లకు వచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది కానీ క్రైస్తవ దళితులకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని వెనుకబడిన తరగతుల్లోని ‘సి’ విభాగంలో చేర్చారు. దాని వాటా ఒక్క శాతం. ఊరు మాత్రం వారిని ఎప్పటిలాగే మాలలుగా, మాదిగలుగానే చూసింది. అందువల్ల చాలామంది చర్చికి పోతూనే ధ్రువపత్రంలో పాత మతాన్నే ఉంచుకున్నారు. మనసు మారితే బతుకు దానంతట అదే మారుతుందనే మాటకు ఈ ఉత్తర్వు గట్టి జవాబు. చట్టం, భూమి, కూలి కూడా మారాలి.

2016లో మెదక్ పట్టణం కొత్త జిల్లాకు కేంద్రమైంది. క్రిస్మస్‌నాడు అన్ని మతాలవారూ వేలల్లో వచ్చి చర్చిని చూసి వెళ్తారు. గోపురం ఎత్తు, అద్దాల రంగులు, పోస్నెట్ పేరు వారికి తెలుస్తాయి. రాళ్లు మోసినవారి మనుమలు, మునిమనుమలు ఇంకా ఈ పల్లెల్లోనే ఉన్నారు. తమ ఇంటి తొలి బాప్తిస్మం కథ, రాత్రి బడి కథ, ఆదివారం పనికి పోనందుకు పడిన దెబ్బల కథ వారి నోట ఉన్నాయి. ఆ మాటలు తెలిసిన ముసలివారు ఉండగానే వాటిని రాసిపెట్టే పని మెదక్ చదువుకున్న యువతరం తలకెత్తుకోవాలి.