ఆరో ఫారం, 1942

1942లో గోదావరి జిల్లాల హైస్కూళ్లలో ఆరో ఫారం ముగిస్తున్న కుర్రాళ్లకు ఆఖరి భూగోళం పాఠం పత్రికలే చెప్పాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. మార్చి 23న అండమాన్ దీవులు. అట్లాసులో వేలు పెట్టి చూస్తే ఆ వరసలో తరువాతి రేవు ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకినాడ, లేకపోతే విశాఖపట్నం.

మద్రాసు రాష్ట్రంలో అప్పటికి హైస్కూలు చదువంటే ఆరు ఫారాలు. చివర ఎస్.ఎస్.ఎల్.సి. పబ్లిక్ పరీక్ష. కుర్రాడి చేతికి ఒక్క కాగితం కాదు, అట్టవేసిన ఎస్.ఎస్.ఎల్.సి. బుక్కే వచ్చేది. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, మార్కులు, హెడ్మాస్టరు సంతకం, ముద్రలు అన్నీ అందులోనే. ఫలితాలు ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో పడేవి. కాలేజీలో చేరడానికి అర్హత వచ్చినవాళ్లను ‘ఎలిజిబుల్’ అనేవారు. ఆ ఒక్క మాటతో కుటుంబం నుదుటి రాత మారిపోయేది. ఆ ఏడాది ఆ బుక్కు పట్టుకున్నవాళ్లు దాన్ని తీసుకుని ఎటు వెళ్లాలన్నదే తెలియని కాలంలో నిలబడ్డారు.

రంగూన్ గోదావరి వాళ్లకు పరాయి ఊరు కాదు. మన జనం ‘రంగం’ అని పిలుచుకున్న ఊరు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి తరాల తరబడి కూలీలు, మేస్త్రీలు, గుమస్తాలు అక్కడికి వెళ్లారు. తెలుగు కూలీలకు బర్మాలో ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. ఎన్నో ఇళ్లలో పిల్లల ఫీజులు రంగం మనియార్డరుతోనే కట్టేవారు. బర్మా పడిపోగానే ఆ డబ్బు ఆగింది. దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారని అంచనా. ఓడ దొరకని వాళ్లు అరకాన్ దారిన, మణిపూర్ కొండల దారిన నడిచారు. దారిలోనే కలరాకు, మలేరియాకు, ఆకలికి వేలమంది పోయారు.

ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి. ముందు రోజు, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి. మర్నాడు జపాన్ తేలికపాటి విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు బంగాళాఖాతంలో ఓడలను వేటాడుతూ విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదికి వచ్చాయి. ఆ కొద్దిరోజుల్లో జపాన్ నౌకాదళం ఈ సముద్రంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. ఊళ్లలో ప్రాణనష్టం తక్కువే. జనం భయం మాత్రం అంతా ఇంతా కాదు. విశాఖలో ఇళ్లకు తాళాలు పడ్డాయి. రైళ్లు, బళ్లు, కాలినడక, ఏది దొరికితే అది పట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. మద్రాసు నగరాన్ని కూడా అక్కడ ఉండాల్సిన అవసరం లేనివాళ్లు వదిలి వెళ్లాలని ప్రభుత్వమే చెప్పింది. ఆనాడు పడి పేలకుండా ఉండిపోయిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు.

తీరానికి దూరంగా ఉన్న మెట్ట ప్రాంతానికి బాంబుల భయం లేదు. జంగారెడ్డిగూడెం అప్పటికి ఏజెన్సీ అంచున ఉన్న మెట్ట ఊరు. అప్పట్లో అది ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో, నాటి కేంద్రం ఏలూరు. మద్రాసు–కలకత్తా రైలు మార్గం దక్షిణాన తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా పోతుంది. జంగారెడ్డిగూడానికి నాడూ రైలు లేదు, నేడూ లేదు. గోదావరి దాటి రాజమండ్రి వెళ్లాలంటే కొవ్వూరు దగ్గర రైలెక్కాలి, లేదా పడవెక్కాలి. రోడ్డు వంతెన వచ్చింది 1974లో. అందువల్ల మెట్ట కుర్రాడి చదువు ఎడ్లబండి మీదా బస్సు మీదా ఆధారపడింది. యుద్ధం ఆ బస్సునే పట్టుకుంది.

పెట్రోలుకు రేషన్ పెట్టారు. దేశమంతటా బస్సులకు వెనకనో పక్కనో పొడవాటి ఇనప డ్రమ్ములు బిగించారు. అందులో బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, క్లీనరు చేత్తో చక్రం తిప్పి గాలి కొట్టాలి. బొగ్గు రాజుకుని గ్యాసు తయారయ్యేదాకా ప్రయాణికులు చెట్టు కింద కూర్చోవాలి. గ్యాసుకు పెట్రోలంత బలం ఉండదు. ఎత్తు వస్తే బండి మొరాయిస్తుంది, మగవాళ్లు దిగి నెట్టాలి. బొగ్గు బస్సు దిగినవాడి తెల్లచొక్కా చూస్తే ఎంతదూరం నుంచి వచ్చాడో తెలిసిపోయేది. ఆ తరం వాళ్లు యుద్ధం గురించి చెప్పమంటే హిట్లర్ కన్నా ముందు ఈ బస్సునే తలుచుకునేవారు. యుద్ధం వాళ్లను తాకింది అక్కడే మరి.

ఇంట్లో కిరసనాయిలు కరువైంది. లాంతరు పక్కకు పోయి ఆముదపు దీపం మళ్లీ వచ్చింది. కాగితం ధర పెరిగింది, పత్రికలు పేజీలు తగ్గించాయి, పలక మీద లెక్క చేసి చెరిపేయడం పై తరగతులకూ అలవాటైంది. వెండి పొదుపు కోసం 1940లో రూపాయి నోటు మళ్లీ అచ్చువేశారు. రాగి పొదుపు కోసం 1943లో నడిమధ్యన చిల్లు పెట్టిన కాణీ తెచ్చారు. పిల్లలు వాటిని మొలతాడుకు గుచ్చుకుని తిరిగారు. అన్నపూర్ణ అని పేరున్న డెల్టాలోనే బియ్యానికి సేకరణలు, కంట్రోళ్లు, కార్డులు వచ్చాయి. బర్మా బియ్యం ఆగిపోవడం, ప్రభుత్వ నిర్లక్ష్యం తోడై 1943లో బెంగాల్‌లో లక్షలాది మందిని చంపిన కరువు ఇదే కథలో మరో అధ్యాయం.

జూన్‌లో కాలేజీలు తెరిచే వేళకు ఎలిజిబుల్ అయినవాడికి ఇంకో చిక్కు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి పంపాలంటే బాంబులు పడిన ఊరు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణ సైన్యం చేతికి పోయింది. కట్టమంచి రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆ సంస్థ గుంటూరుకు తరలింది, యుద్ధం ముగిశాకే తిరిగొచ్చింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, బందరు నోబుల్ కాలేజీ తప్ప దగ్గర్లో దారులు కొద్ది.

ఆగస్టులో ఆ కొద్ది కూడా కదిలిపోయింది. క్విట్ ఇండియా తీర్మానానికి ముందే కాంగ్రెస్ నాయకుడు కళా వెంకట్రావు పేరుతో ముడిపడిన ఆంధ్ర సర్క్యులర్ జిల్లాలకు చేరింది. విద్యార్థులు కాలేజీలు వదలాలన్నది అందులోని కార్యక్రమాల్లో ఒకటి. ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. వాళ్ల స్మారకమే అక్కడి రణరంగ చౌక్. ఆగస్టు 17న భీమవరంలో కాల్పులు. మరోవైపు కమ్యూనిస్టులు ప్రపంచ యుద్ధాన్ని ప్రజాయుద్ధం అన్నారు. ఫాసిజాన్ని ఓడించడమే ముందు పని అన్నారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడు జెండా పట్టుకుని జైలుకు, ఒకడు జపాన్ వ్యతిరేక ప్రచారానికి వెళ్లిన రోజులవి. ఇద్దరూ దేశం కోసమే వెళ్లారు. ఒకరి మీద ఇంకొకరు వేసిన నిందలు మాత్రం దశాబ్దాల పాటు తీరలేదు.

మూడో దారి పట్టాళం. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు దాటింది. స్వచ్ఛందంగా చేరినవాళ్లతో అంత పెద్ద సైన్యం ప్రపంచంలో మరొకటి లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. ఉన్నవాడికి గుమస్తాగానో, స్టోర్‌కీపర్‌గానో, వైర్‌లెస్ ఆపరేటర్‌గానో చోటు దొరికేది. చదువు లేనివాడికి తుపాకీ. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి ఆ యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని ఊరి లెక్క. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు 90 మంది. ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు ఊరికే రాలేదు. అక్కడ ఇప్పటికీ చదువు పూర్తయ్యే కుర్రాడు సెలక్షన్ల కోసం తెల్లవారకముందే పరుగు మొదలుపెడతాడు.

యుద్ధం ముగిసిన 1945లోనే ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ, భీమవరంలో ఇప్పుడు డి.ఎన్.ఆర్. కాలేజీగా పిలుచుకుంటున్న వెస్ట్ గోదావరి భీమవరం కాలేజీ మొదలయ్యాయి. 1942 బ్యాచి వాళ్లకు ఇవి మూడేళ్లు ఆలస్యం. వాళ్ల తమ్ముళ్లకు అందాయి.

1942లో పదహారేళ్లవాడు ఇవాళ ఉంటే నూరేళ్లకు చేరువ. ఆ తరం నోట వినే అవకాశం దాదాపు ముగిసింది. మిగిలినవి కాగితాలే. పాత హైస్కూళ్ల బీరువాల్లో అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. ఎవడు ఏ ఏడాది, ఏ కారణం చేత బడి మానేశాడో, టి.సి. ఎప్పుడు తీసుకున్నాడో వాటిలో రాసే ఉంటుంది. చెదలు వాటిని తినేలోపు పూర్వ విద్యార్థుల సంఘాలు స్కాన్ చేయించాలి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, పోలవరం వైపు ఇళ్లలో తాతగారి ట్రంకుపెట్టె ఇంకా ఉంటే తీసి చూడండి. అడుగున అట్టవేసిన ఎస్.ఎస్.ఎల్.సి. బుక్కు దొరికితే పాత కాగితాలవాడికి వేయకండి. 1939 నుంచి 1945 వరకు ఏ ఏడాదిదైనా ఫొటో తీసి ఆ బడికి ఒక ప్రతి పంపండి.