మాట లేని బొమ్మలు – మన బందరు వారి కథ

మన పిల్లలకు సినిమా అంటే పాట, ఫైటు, డైలాగు. మాటే లేని సినిమా వొకటి వుండేదంటే నవ్వుతారు. క్రిందటి సెలవుల్లో కొందరు పిల్లలను, వారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి 1928 నాటి ‘షీరాజ్’ అనే మూకీ చిత్రం చూపించాము. ఆ సాయంత్రం మాకు తోచిన సంగతులు సభ్యుల ముందు పెట్టడానికే యీ నాలుగు మాటలు.

ముందు మన జిల్లా చరిత్ర. తెలుగు సినిమాకు ఆద్యుడు బందరు బిడ్డే. రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో పెట్టి పేరు తెచ్చుకొన్నారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోను అనే యంత్రం అమ్మకానికి వచ్చింది. తెర మీద చిన్న చిన్న బొమ్మలు ఆడుతుంటే, ప్రక్కన గ్రామఫోను రికార్డు పాడుతుంది. ధర 30,000 రూపాయలు! ఆయన స్టూడియో తాకట్టు పెట్టి మరీ కొన్నారు. వూరూరా తిప్పారు, సముద్రం దాటి బర్మా, సింహళం దాకా తీసుకువెళ్ళారు. తరువాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. కుమారుడు ప్రకాశ్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపారు. ఆయన తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు కలిసి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. తెలుగువారు తీసిన తొలి మూకీ అదే. భీష్ముడి వేషం ప్రకాశ్ గారిదే.

ఆ రోజుల్లో మనవాళ్ళు కూడా వెనుకబడి లేరు. 1926లో ‘బుల్బుల్-ఎ-పరిస్తాన్’ తీసిన ఫాత్మా బేగం మన దేశంలో తొలి మహిళా దర్శకురాలు. 1931లో వచ్చిన తొలి టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయిక ఆమె కుమార్తె జుబేదాయే. మన ఆడపిల్లలకు యిది చెప్పవలసిన సంగతి కాదా?

ఇక మూకీ చూసే పద్ధతి. మనుషులు పరుగెత్తినట్లు కదులుతున్నారని పిల్లలు మొదట్లో పకపకా నవ్వారు. తప్పు నటులది కాదు. అప్పట్లో కెమేరా చేత్తో త్రిప్పేవారు, సెకనుకు 16 నుంచి 20 బొమ్మలు పడేవి. వాటిని టాకీ వేగంలో, అంటే 24 చొప్పున ఆడిస్తే పరుగులాగే వుంటుంది. హాలు కూడా మూగగా వుండేది కాదు. హార్మోనియం, తబలా మ్రోగేవి. మధ్యలో వచ్చే అక్షరాల అట్టలను చదవలేనివారి కోసం వొకాయన నిలబడి కథ చెప్పేవాడు. మా ‘షీరాజ్’లో అట్టలు యింగ్లీషులో వుంటే, తెలుగులోనూ ఉర్దూలోనూ మేమే చదివి వినిపించాము. నూరేళ్ళ నాటి ఉద్యోగం మాకు దక్కిందన్నమాట!

తాజ్‌మహల్ కట్టిన శిల్పి ప్రేమకథ అది. చరిత్ర కాదని ముందే చెప్పాము. ముంతాజ్ అసలు పేరు అర్జుమంద్ బానూ, అసఫ్ ఖాన్ కూతురు. సినిమాలో లాగా బానిసగా అమ్ముడుపోయిన పిల్ల కాదు. అయినా, ఏనుగు పాదం షీరాజ్ తల మీదికి మెల్లగా దిగుతుంటే గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేది. అక్షరం రాని వొక నానీ చివర్లో, “వాళ్ళు మాట్లాడకపోయినా అంతా అర్థమయింది బేటా” అన్నారు. ఆ మాటే మాకు బహుమానం. మాట లేనప్పుడు కన్ను మేల్కొంటుంది. మొగం, చెయ్యి, నడక – అన్నీ చదవడం నేర్చుకొంటాము.

‘షీరాజ్’ను జాగ్రత్త పెట్టినవారు వున్నారు గనుక, 2017లో లండన్‌లో బాగుచేసి మళ్ళీ ప్రదర్శించారు. మరి మన బందరు వారి ‘భీష్మ ప్రతిజ్ఞ’? లేదు. ‘ఆలం ఆరా’ కూడా లేదు. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి బహు కొద్ది. ఆనాటి ఫిల్ము నిప్పుకు యిట్టే అంటుకొనేది. ఆట ముగిసిన ఫిల్మును వెండి కోసం కరిగించినవారూ వున్నారు. పూనాలో జాతీయ ఫిల్ము ఆర్కైవు పెట్టింది 1964లో. అప్పటికే చాలా పోయాయి. వెంకయ్య గారి పేరిట 1980లో రాష్ట్ర పురస్కారం పెట్టారు. పేరు నిలిచింది, బొమ్మ నిలవలేదు.

దివిసీమ వాళ్ళకు పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా? 1977 నవంబరు 19 నాటి వుప్పెనలో మనుషులే పోయారు. పెట్టెల్లోని ఫోటోల సంగతి ఎవరు అడుగుతారు? కాని మిగిలిన యిళ్ళల్లో పెద్దల ఫోటోలు, నికాహ్‌నామాలు, ఉర్దూ వుత్తరాలు యింకా వున్నాయి, చెదలు తింటున్నాయి. వాటిని వొకసారి సంఘానికి తీసుకురండి. నకలు తీసుకొని అసలు మీకే యిచ్చేద్దాము. ఉర్దూ చదవలేని యిళ్ళవారికి చదివి పెట్టే పని మాది. రేపు మన మనుమలు ఆ బొమ్మ చేతపట్టుకొని, “యీయన ఎవరు?” అని అడగాలి. జవాబు చెప్పేవాళ్ళు వుండగానే అడగాలి.