మెక్సికో సింధుశాఖ రెడ్ స్నాపర్ కోటా పద్ధతి

మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్ అనే చేపను పట్టి అమ్ముకొనే అమెరికా మత్స్యకారులలో ఎవరు సంవత్సరానికి ఎంత బరువు పట్టవచ్చునో వాటాల ప్రకారం ముందుగానే నిర్ణయించే విధానమే ఈ కోటా పద్ధతి. ఇది 2007 జనవరి 1న అమలులోకి వచ్చింది. (2025లో అమెరికా ప్రభుత్వం తన అధికారిక పత్రాలలో ఈ సింధుశాఖ పేరును గల్ఫ్ ఆఫ్ అమెరికాగా మార్చింది.) ఇటువంటి పద్ధతిని న్యూజిలాండ్ 1986లోనే ప్రవేశపెట్టింది. అలాస్కాలో హాలిబట్ చేపల వేటకు 1995 నుండి ఇది అమలవుతున్నది.

పూర్వస్థితి

రెడ్ స్నాపర్ ఎర్రని చేప. సముద్రగర్భంలోని రాతిగుట్టల వద్ద నివసిస్తుంది. యాభై ఏళ్ళకు పైగా బ్రతకగలదు. వయసు మళ్ళిన పెద్ద ఆడచేప చిన్నవాటికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది. కనుక పెద్ద చేపలు తరిగిపోతే సంతతి త్వరగా కోలుకోదు. పైగా రొయ్యల కోసం లాగే ట్రాలు వలలలో దీని పిల్లలు విపరీతంగా చనిపోయేవి.

1990లో ప్రభుత్వం వృత్తి మత్స్యకారులందరికీ కలిపి 31 లక్షల పౌండ్ల (సుమారు 1,400 టన్నుల) పరిమితి విధించింది. అందరిదీ ఒకే పరిమితి కావటంతో ముందు వెళ్ళినవాడికే చేప దక్కేది. 1992లో రెండు నెలలు నిండకముందే ఆ ఏటి పరిమితి పూర్తయి వేట మూసివేయవలసి వచ్చింది. తరువాత నెలలో మొదటి పది రోజులు మాత్రమే వేట అనే నియమం, పడవకు ఒక ప్రయాణంలో 2,000 పౌండ్లు లేదా 200 పౌండ్లు అనే పరిమితి వచ్చాయి. ఫలితం మరింత విచిత్రం. ఆ పది రోజులలో తుఫాను గాలి వీచినా సరంగులు పడవలు తీయక తప్పేది కాదు. అందరూ ఒక్కసారే రేవుకు చేరటంతో ధర పడిపోయేది. మిగిలిన రోజులలో వేరే చేపల కోసం గాలం వేసినప్పుడు పడిన స్నాపర్‌ను తిరిగి నీటిలో పారవేయాలి. లోతునుండి పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి ఉంటుంది గనుక అలా వదిలినవాటిలో చాలా బ్రతకవు. చేపను కాపాడటానికి చేసిన నియమమే చేపను చంపిందన్నమాట.

వాటాల ఏర్పాటు

1996లో అమెరికా కాంగ్రెస్ కొత్త వ్యక్తిగత కోటాలను కొన్నేళ్ళపాటు నిలిపివేసింది. ఈ వేట విషయంలో మత్స్యకారుల ఓటింగు తప్పనిసరి అని కూడా చట్టంలో చేర్చింది. 2004లోను, 2006లోను ఓటింగు జరిగింది. రెండుసార్లూ కోటాలకే ఆమోదం లభించింది. ఓటు విలువను పూర్వం పట్టిన చేపల బరువును బట్టి లెక్కించారు. అనగా పెద్ద పడవలవారి మాట ఎక్కువ చెల్లింది.

వాటాలు కూడా పాత పట్టుబడి లెక్కల ప్రకారమే, ఉచితంగా పంచారు. వాటా శాతంలో ఉంటుంది. ఆ ఏటి మొత్తం పరిమితిని బట్టి అది పౌండ్లుగా మారుతుంది. చేపలు పెరిగితే ప్రతివాని పౌండ్లూ పెరుగుతాయి. ఎవరికీ సుమారు 6 శాతానికి మించి వాటా ఉండరాదు. వాటాను అమ్మవచ్చు, ఆ ఏటి పౌండ్లను కౌలుకు ఇవ్వవచ్చు. పడవ రేవు చేరటానికి కనీసం మూడు గంటల ముందు సమాచారం అందించాలి. ఆమోదించిన స్థలంలోనే సరకు దించాలి. కొన్న వ్యాపారి తూకాన్ని నమోదు చేయగానే మత్స్యకారుని ఖాతాలో అన్ని పౌండ్లు తగ్గుతాయి.

ఫలితాలు, పరస్పర సహకారం

వేట ఏడాది పొడవునా సాగుతున్నది. వాతావరణం, ధర చూసుకొని పడవ తీయవచ్చు. 2007 తరువాత వృత్తి మత్స్యకారులు తమ మొత్తం కోటాను దాటలేదు. వృత్తివారికి, వినోదం కోసం పట్టేవారికి కలిపి 2008లో 50 లక్షల పౌండ్లకు కుదించిన పరిమితి 2015లో 1.43 కోట్ల పౌండ్లకు పెరిగింది. అయితే ఇదంతా కోటాల ఘనత అనుకోరాదు. 2005 తుఫానుల తరువాత రొయ్యల పడవలు తగ్గటం కూడా ముఖ్య కారణం.

వాటాదారులు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ కేంద్రంగా ఒక సంఘంగా ఏర్పడ్డారు. వీరు నడిపే కోటా బ్యాంకు మెచ్చదగినది. తూర్పు భాగంలో, ఫ్లోరిడా వైపు, గ్రూపర్ చేపలు పట్టేవారి గాలాలకు స్నాపర్లు పడసాగాయి. వారికి కోటా లేదు. బ్యాంకు వారికి పౌండ్లను కౌలుకు ఇవ్వటం వలన పారవేయవలసిన చేప రేవుకు చేరుతున్నది.

విమర్శలు

మొదట ఉచితంగా పొందిన వాటా నేడు విలువైన ఆస్తి. 2012 నుండి చేపల అనుమతి పత్రం లేని పౌరులు కూడా వాటాలు కొనవచ్చును. దానితో సముద్రంలోకి వెళ్ళకుండానే కౌలు తీసుకొనే వర్గం ఏర్పడింది. మన పల్లెలలో కౌలు రైతు పరిస్థితి తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. పంపకం నాడు కళాసీలకు వాటా దక్కలేదు. కొత్తగా వృత్తిలోకి వచ్చే యువకుడు పడవతో పాటు కోటానూ కొనాలి, లేదా ఒడ్డున ఉన్నవానికి కౌలు చెల్లించాలి. వినోదం కోసం పట్టేవారికి వ్యక్తిగత కోటాలు లేవు; 2017లో వారి సొంత పడవలకు కేంద్ర జలాలలో మొదట ప్రకటించిన వేటకాలం మూడు రోజులే. వృత్తివారి వాటాలో కోత పెట్టాలన్న ఒత్తిడి అందువలననే వచ్చింది.

భారతదేశంలో

సముద్రపు వేటకు మనదేశంలో వ్యక్తిగత కోటాలు లేవు. ఆంధ్రప్రదేశ్‌తో సహా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేటను నిషేధిస్తారు. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని ఉద్దేశించినది. మన వలలలో ఒకేసారి పలు జాతుల చేపలు పడతాయి గనుక, ఒక్క జాతికి తూకం కట్టి వాటాలు వేయటం ఇక్కడ అంత సులభం కాదు.