క్యాసిల్టన్ టవర్

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయబ్ పట్టణానికి ఈశాన్యాన, క్యాసిల్ వ్యాలీ దగ్గర ఉన్న ఎర్రని ఇసుకరాతి స్తంభం. ఏటవాలు దిబ్బ మీద నిటారుగా సుమారు 120 మీటర్లు లేచిన ఈ శిల, ప్రాచీన ఎడారి ఇసుకమేటలు గట్టిపడి ఏర్పడిన వింగేట్ ఇసుకరాయి. 1961లో లేటన్ కోర్, హంట్లీ ఇంగాల్స్ తొలిసారి శిఖరం చేరారు. వారి పేర్లతోనే పిలిచే ఆ దారికి ఇప్పటికీ గిరాకీ ఎక్కువ. షెవ్రొలే ప్రకటన కోసమైతే 1960లలో హెలికాప్టర్‌తో ఏకంగా కారునే పైన దించారు! ఆరోహకులు పగుళ్లలో చేతులు, పాదాలు ఇరికించి ఎక్కుతారు. తెల్లటి కాల్సైట్ పూత ఉన్నచోట పట్టు జారుతుంది. వాన పడ్డాక ఎక్కకూడదు. తడిసిన ఇసుకరాయి బలహీనపడి, పట్టుకున్న అంచే ఊడి రావచ్చు.